మంచినీళ్ళ గాలం

నేను పనిజేసే సెలూన్ అద్దాలకు మొత్తం నల్ల స్టిక్కర్ అంటించి ఉంటది. ఆడోళ్ళ సెలూన్ గదా, బయటోళ్ళకు లోపల కనపడద్దని. కనపడది నిజమే, గని లోపలోళ్ళకు సుత బయట కనపడది. ఈ ఖతర్ దేశంల అల్ మన్సూరాల మా గల్లీ ఎంత రద్దీగ ఉంటదో వచ్చిన కొత్తల వీడియో తీసి అమ్మకు పంపిన. అమ్మ మస్తు సంబరపడ్డది. నేను రోజు గా గల్లీలనే తిరుగుతున్న అనుకున్నది పాపం. పొద్దంత నాకు కనపడేది కుర్చీల ఒరిగిన కస్టమర్ల కనుబొమ్మలే. ఎవలన్న తలుపు తెరిస్తే ఇంత ఎండ లోపటికొచ్చి మళ్ళ పోతది. ఓహో, ఇంకా పొద్దు గూకలేదన్నట్టు అని అప్పుడు తెలుస్తది.

సెలూన్ మీదనే మా రూము. ఇనుప మంచాలు, కింద ఒకలు మీద ఒకలు. నాది మీది మంచం, లేచి కూసుంటే స్లాబుకు తల తాకుతది. కిటికీ ఉన్నది గని దాంట్ల ఏసీ పెట్టిన్రు. ఒకలే బయటికి పోవద్దని మా ఓనర్ పెట్టిన రూలు. సొంతోళ్ళు తలుపు కాడికి వచ్చి తీస్కపోవాలె, అది సుత శుక్రారం పొద్దుగాల. ఆ రోజు సెలూన్ జుమ్మా నమాజ్ అయినంకనే తెరుస్తరు, ఆలోపల వాపస్ రావాలె. మా సూపర్వైజర్ నేపాల్ ఆమె, చెడ్డదేం గాదు. పోయేటప్పుడు పేరు రాసుకుంటది, వచ్చేటప్పుడు గీత కొడ్తది, మధ్యల జాగ్రత్త అంటది.

ఈడ నాకు సొంతోడు అంటే మా బావ ఒక్కడే. మా అక్క మొగడు. కంపెనీల పికప్ డ్రైవర్, పనోళ్ళుండే క్యాంపు ఏషియన్ టౌన్ బజారు దగ్గర్నే. అక్క జగిత్యాల దిక్కు మా ఊర్లెనే ఉంటది, అత్తతోని, కొడుకుతోని. ఊర్లె అందరు మమ్ములను ఇద్దరిని దుబాయ్‌ల ఉన్నరు అంటరు. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆ అదే దుబాయే గదా అంటరు.

మొదట్ల బావ నన్ను ఏషియన్ టౌన్‌కే తీస్కపోయేటోడు. పావుగంట దుకాణాలు చూసుడు, చాయ్ తాగుడు, తర్వాత ఇద్దరం ఫోన్లు చూస్కుంట కూసునుడు. ఆయనకు మనసంత సముద్రం మీద ఉండేది. శుక్రారం వచ్చిందంటే నిజామాబాద్ భాయ్‌తోని చేపలకు పోవుడు ఆయనకు అలవాటు, నేను వచ్చి దాన్ని చెడగొట్టిన. ఆ భాయ్ స్కూల్ బస్సు నడుపుతడు, ఐన్ ఖాలిద్‌ల ఉంటడు, పాత కారు ఒకటున్నది. ఒకపారి బావనే అన్నడు, వస్తవా మరి, ఊకె కూసోవాలె, ఒర్లద్దు అని. నేను అప్పటికే చెప్పులు ఏసుకున్న.

వక్రా దాటినంక రాళ్ళు పోసిన ఒక కట్ట ఉంటది, అక్కడికి పోయినం. సముద్రం చూసి నేను ఏమన్న అంటనేమో అని బావ నా మొఖం చూస్తుండు. గాలి వచ్చి మొఖానికి తగిలితే కండ్లల్ల నీళ్ళొచ్చినయ్, ఏడుపు గాదు, ఉత్తగనే. ఆ వారమంత నేను కనుబొమ్మలు తీసుకుంట శుక్రారం ఎప్పుడొస్తదా అని చూసిన. అట్ల కొన్ని వారాలు నడిచింది. నా నోరు సుత తెర్సుకున్నది. చేపలు బెదురుతయి అని బావ తిట్టినా ఆగకపోయేది.

అగో, గప్పుడే సీటు పంచాయితి వచ్చింది. భాయ్ కార్ల ముంగట ఇద్దరు కూసుంటరు, ఎనుక సగం ఐస్ డబ్బా, బకెట్లు. పొడుగు గాలాలు ముంగటి అద్దం కాడికెల్లి ఎనుకటి అద్దం దాక పండుకుంటయి. మిగిలేది ఒక్క సీటు. బావ క్యాంపుల ఒకాయన ఎన్నడిసంది అడుగుతుండట, నన్ను సుత తీస్కపోండ్రి, నాకు వల ఏసుడు వస్తది, గాలం వస్తది అని. ఆయన అప్పుడు సెలవు మీద ఊరికి పోయిండు. భాయ్ కారు నడుపుకుంటనే నాకు తీర్పు చెప్పిండు.

"సూడు బేటీ, సముద్రం చూసుడైతే అయిపోయింది. అదే సముద్రం, మళ్ళ వేరేది రాదు. ఆయన ఊరికెల్లి వాపస్ వచ్చేలోపల ఒక్క చేప పట్టు. బకెట్ల ఏస్తే సప్పుడు రావాలె, గసుంటిది. పడితె సీటు నీది. లేకుంటే ఆయనది."

నేను బావ దిక్కు చూసిన, నా తరఫున ఒక మాటన్న అంటడేమో అని. బావ కిటికీలకెల్లి బయటికి చూస్తుండు. మరదలంటే ఇగో గింతే విలువ.

నాకు గాలం కొత్తగాదు. చిన్నప్పుడు మా ఊరి కాలువల పట్టినం. వెదురు కట్టె, దారం, బెండు, కొండికి ఎర గుచ్చుడు, బెండు మునిగితే గుంజుడు. గంతే. ఈడ బావ తన పాత గాలం నా చేతులకిస్తే అది కరెంటు స్తంభం లెక్కున్నది. రెండు చేతుల పట్టి ఇసిరితే సీసం గుండు నా కాళ్ళకాడనే పడ్డది. భాయ్ ఇంత దూరం జరిగి కూసున్నడు, చెవులు కాపాడుకోవాలె అని.

అందుకని తర్వాతి శుక్రారం సముద్రం మానుకొని గాలాల షాపుకు తీస్కపొమ్మన్న. వాళ్ళకది దండుగ లెక్క అనిపించింది గని వచ్చిన్రు. షాపాయన కేరళ ఆయన, హిందీల మాట్లాడ్తడు. ఒక డ్రమ్ముల నిలబెట్టిన కట్టెలన్ని చూపిచ్చిండు. భాయ్ ఒకటి తీసి ఇది మజ్‌బూత్, ఇరగది అంటడు, బావ ఇంకోటి తీసి దీనితోని హమూర్ అసుంటి పెద్ద చేపను సుత గుంజొచ్చు అంటడు. ఏది పట్టినా నా మణికట్టు గుంజుతుంది. పైంగ ఏదీ నా మంచం మీద పట్టదు. మా రూమే వాటంత పొడుగు లేదు.

మూలకు ఒక డబ్బాల అమ్ముడు పోనియి కొన్ని ఉన్నయి. దాంట్ల ఒకటి పొట్టిగ, సన్నగ, గోధుమ రంగుల ఉన్నది. రెండు ముక్కలు, ఊడదీస్తే నా పరుపు కిందికి వస్తది. దాని మీద ఒక చేప బొమ్మ. ఆకుపచ్చ, ఇత్తడి కలిసిన రంగు, పక్కలకు నిలువు చారలు, ఎర్ర కండ్లు. మూతి చిన్నగ ఉన్నది గని తెరిచిన తీరు చూస్తే కొట్లాటకొచ్చినట్టున్నది. ఇదేం చేప అని అడిగిన. స్మాల్‌మౌత్ బాస్ అన్నడు. అమెరికా దిక్కు నదులల్ల ఉంటదట, పారే నీళ్ళల్ల, రాళ్ళ సందులల్ల. ఎవరో ఇంజనీర్ సార్ ఇవి తెప్పియ్యమని ఆర్డర్ ఇచ్చి, అవి వచ్చేలోపల ఆయననే దేశం ఇడిసి పోయిండట.

"ఇది ఇక్కడికి పనికిరాదు సిస్టర్," అన్నడు షాపాయన. "మంచినీళ్ళ గాలం. ఈ దేశంల నదే లేదు."

"గోడకు వేలాడదీస్కో," అన్నడు భాయ్.

నేను దాన్ని ఇడువలే. ఒక వేలు మీద పెడ్తే తరాజు లెక్క సమంగ నిలబడ్డది. బావను పిలిచి, కొస పట్టుకొని గోటితోని గీకు బావా అన్న. నేను కండ్లు మూసుకున్న. ఆయన గీకిన ప్రతిసారి నా అరచేతుల తెలుస్తుంది, పిల్లి నాకినట్టు. అగో ఇప్పుడు, అగో ఇంకోటి అని చెప్పిన. నమ్మకపోతే భాయ్ వచ్చి గీకి చూసిండు, అది సుత చెప్పిన. తర్వాత భాయ్ తీసిన మజ్‌బూత్ దానికి గదే పరీక్ష పెట్టినం. గీకుడు గాదు, గుద్దినా నాకు తెల్వలే. షాపాయన చెప్పిండు, కొన్ని కట్టెలు మొత్తం వంగుతయి, దీనికి కొస ఒక్కటే వంగుతది, నడుము గట్టిగ ఉంటది అని. కనుబొమ్మలు తీసేటోళ్ళకు ఇది చెప్పే పని లేదు. దారం కొసల పట్టు ఉండాలె, చెయ్యి అల్కగ ఉండాలె. అదే తీస్కున్న.

రీలు చిన్నది, దానికి సరిపడేది షాపాయననే ఏరి ఇచ్చిండు. ఇగ దారం. భాయ్ లావు నైలాన్ తీస్కో అని మొండికేసిండు, సన్నది రాళ్ళకు తెగుతదట. షాపాయన అల్లిన దారం చూపిచ్చిండు, జడ అల్లినట్టు సన్న పోగులు కలిపి అల్లింది. చూస్తే వెంట్రుక, గుంజితే తెగది. నేను అలవాటుల కొస తీసి పండ్ల మధ్యల పట్టుకొని పెదాల మీదికెల్లి గుంజిన. మా పనిల దారం కొస ఎప్పుడు నోట్లెనే ఉంటది, చెయ్యి తెలుసుకోలేనిది పెదవి తెలుసుకుంటది. ముగ్గురు మొగోళ్ళు నన్ను చూస్తున్నరు. తినద్దు సిస్టర్ అన్నడు షాపాయన. మొదటి ఉండ నున్నగ లేదు, అక్కడక్కడ పోగులు లేచినయ్. ఇంకోటి ఇయ్యమన్న. రెండోది పెదాల మీద నూనె రాసినట్టు జారింది. కొసకు మాత్రం మూరెడంత కనపడని వైరు కట్టుకోవాల్నట, ఈడి నీళ్ళు అద్దం లెక్క ఉంటయి, చేపకు దారం కనపడ్తది అని చెప్పిండు. ఆ ముడి ఆయన రెండుసార్లు చూపిచ్చిండు, మూడోసారి నేనే ఆయనకంటె చిన్నగ, గట్టిగ ఏసిన.

ఇగ ఉత్తుత్తి చేపలు. వాటిని ల్యూర్లు అంటరు, ప్లాస్టిక్‌వి, రబ్బరువి. గోడ నిండ వేలాడ్తున్నయి. అంత మంచిగ తెలివిగ కట్టె, దారం కొన్నదాన్ని, అక్కడికొచ్చేసరికి నేను సెలూన్ పిల్లనైపోయిన. గులాబి రంగుది, మెరుపులున్నది, ఇంకోటి పసుపుల ఎర్ర చుక్కలది. నెయిల్ పాలిష్ కొన్నట్టే కొన్న. షాపాయన ఒక మట్టి రంగు రబ్బరు చేప నా ముంగట పెట్టిండు, ముక్కుకు చిన్న సీసం గుండు ఉన్నది. అది చూస్తే చచ్చిన బల్లి యాదికొచ్చింది. అయినా వద్దంటే బాధపడ్తడని తీస్కున్న.

ఆ వారమంత మీది మంచం మీద కూసొని ఇసురుడు నేర్చుకున్న. కొండి తీసేసి దూది ఉండ కట్టిన, మూలకున్న మగ్గుల పడాలె. మగ్గుల తప్ప అన్నిట్ల పడ్డది. కింది మంచం శ్రీలంక పిల్ల పండుకొని ఫోన్ మాట్లాడ్తుంటే ఆమె నోట్లె పడ్డది. మొదలు తిట్టింది, తర్వాత ఆమెనే పట్టుపట్టి నేర్చుకున్నది. నాల్గు గోడల మధ్యల, నెత్తి మీద స్లాబు, మేం ఇద్దరం మగ్గుల చేపలు పడుతున్నం. సూపర్వైజర్ వచ్చి చూసి, ఏమనాల్నో తెల్వక తలుపు ఏసుకొని పోయింది.

సముద్రం కాడ మొదటి వారం గులాబిది రాళ్ళల్ల ఇరుక్కొని పోయింది. రెండో వారం పసుపుదాని ఎనుక సూది లెక్క పొడుగు మూతి చేప ఒకటి వచ్చింది, దగ్గరిదాక వచ్చి చూసి, పెండ్లిచూపులల్ల పిల్ల నచ్చనట్టు ఎనుకకు మర్లి పోయింది. బావకు అది చెప్తే ఇగ వారమంత గదే ముచ్చట. అయినా నేను రాళ్ళ అంచుకు వంగి కింద నీళ్ళల్ల చూసిన. అక్కడ తిరిగే చిన్న చేపలల్ల ఒక్కటి సుత గులాబి రంగుల లేదు. అన్ని మట్టి రంగు, బూడిద రంగు. మెరుపులు మనుషులకోసం పెడ్తరు అని గప్పుడు అర్థమైంది.

ఆ వారం మధ్యలనే రీలు తీసి చూస్తే తిరుగుతలేదు. పిడి పట్టి ఎంత తిప్పినా కదుల్తలేదు. సందులల్ల తెల్లగ పిండి లెక్క పేరుకున్నది. బావకు ఫోన్ చేస్తే నాది సుత అంతే, ఇసుర్రాయి మోగినట్టు మోగుతది, ఏడాదికొకటి పారేస్త అన్నడు. భాయ్‌కి చేస్తే, మంచినీళ్ళతోని కడిగినవా అని అడిగిండు.

నీళ్ళల్లకెల్లి తీసినదాన్ని మళ్ళ నీళ్ళతోని కడుగుడేంది అన్న నేను. ఫోన్ల భాయ్ చానసేపు నవ్విండు. మన తెలంగాణ కాలువోళ్ళందరు ఇంతే, మీ బావకు సుత ఇన్నేండ్లసంది చెప్తున్న, చెవుల పడ్తలేదు, నాకు సుత మొదటి రీలు పోతెనే ఎరుకైంది అన్నడు. ఉప్పు గదా బేటీ, ఆరినంక రాయైతది అన్నడు. మా కాలువ నీళ్ళల్ల ముంచిన కట్టెను మేం ఎన్నడన్న కడిగినమా. తెచ్చి చూరుల చెక్కుడే.

ఇగ నేను ఆ రీలు మంచం మీద ఇప్పిన. ఏ మర ఎక్కడిదో మర్చిపోకుంట వరుసగ తువ్వాల మీద పెట్టుకున్న. గోరువెచ్చని నీళ్ళు, గోళ్ళు రుద్దే బ్రష్షు. సెలూన్ల జుట్టు కత్తిరించే మిషన్‌కు ఏసే నూనె ఉంటది, అది సూపర్వైజర్‌ను అడిగి రెండు సుక్కలు ఏసిన. మళ్ళ బిగిస్తే ఒక మర మిగిలింది. మళ్ళ ఇప్పిన. క్యాంపాయన వచ్చేవారం దిగుతుండని బావ చెప్పిండు. నాకున్నది ఒక్క శుక్రారం.

ఆ పొద్దు గాలి లేదు. నీళ్ళు కదుల్తలేవు. నేను మట్టి రంగు రబ్బరు చేపనే కట్టిన. ఇసిరి, అడుగుకు దిగనిచ్చి, కొస జర ఎత్తి మళ్ళ దించుడు. ఎత్తుడు, దించుడు. భాయ్ ఒకటి పట్టిండు, బావ ఒకటి పట్టిండు, నాకు లేదు. ఎండ ఎక్కుతుంది, బావ గడియారం చూస్తుండు, నాకు సెలూన్ తలుపు యాదికొస్తుంది. రేపటికెల్లి మళ్ళ నల్ల అద్దాలు, ఆ ఎల్లుండి నల్ల అద్దాలు, శుక్రారం ఏసీ పెట్టిన కిటికీ.

అప్పుడు అరచేతుల తెలిసింది. పిల్లి నాకినట్టు గాదు, ఎవలో తలుపు కొట్టినట్టు. నేను కొస ఎత్తిన. కట్టె సగం దాక వంగింది, రీలు కీచుమన్నది, దారం పోతనే ఉన్నది. గుంజకు, పోనియ్, పోనియ్ అంటుండు భాయ్. పోనిచ్చిన. ఆగినప్పుడు చుట్టిన, పోయినప్పుడు పోనిచ్చిన. కస్టమర్ బుగ్గ మీద దారం ఎంత గుంజాల్నో, ఎక్కడ ఇడువాల్నో నా చేతులకు ఎరుకే. బావ రాళ్ళ మీద దిగి వల గరిటెతోని ఎత్తిండు. షేరి చేప, పచ్చటి మొఖం, పక్కలకు నీలం చుక్కలు. బకెట్ల ఏస్తే ధన్నుమని సప్పుడొచ్చింది.

భాయ్ బకెట్ల చూసి, నన్ను చూసి, ఐస్ డబ్బా మీద కూసున్నడు. "సీటు నీదే. పో," అన్నడు.

బావ నవ్విన నవ్వు నేను ఎన్నడు చూడలే. కడుపు పట్టుకొని నవ్విండు. ఆయన ఫోన్‌తోని భాయ్ మమ్ముల ఇద్దరిని ఫోటో తీసిండు. నేను చేప పట్టుకున్న, చున్నీ గాలికి లేచింది, బావ నా పక్కన గాలం పట్టుకొని నోరు తెరిచి నవ్వుతుండు, ఎనుక సముద్రం. బావ దాన్ని స్టేటస్ పెట్టిండు. మేం చేసిన పని గదొక్కటే. చూసినోళ్ళు ఇంకోతీర్గ అనుకుంటరని నాకు సుత తోచలే.

తెల్లారి సెలూన్ తెరవకముందు అక్క ఫోన్ చేసింది. చేప మంచిగున్నదే అన్నది. వండినవా, ఎట్ల వండినవ్ అని అడిగింది. నేను ఇగ మొదలుపెట్టిన, కట్టె సంగతి, దారం సంగతి, రీలు ఇప్పిన సంగతి. అక్క అన్ని ఇన్నది. నేను ఊపిరి తీస్కునే సందుల చెప్పింది, వాళ్ళత్త ఫోన్ పట్టుకొని వాడకట్టంత తిప్పి చూపిచ్చిందట. ఏమన్నరు అని అడిగిన. ఏమంటరు, నవ్వుకున్నరు అన్నది.

నాకు కోపమొచ్చింది. బావను అడుగు పో, నా మీద అనుమానం ఎందుకు అన్న.

"నీ మీద నాకేం అనుమానమే. నిన్ను సంకల ఏసుకొని తిరిగినదాన్ని."

"మరేంది?"

"ఆయన గట్ల నవ్వుడు నేను చూడలే. నాకు ఎప్పుడు చేసినా అలిసిపోయిన, డ్యూటీ, నిద్రొస్తుంది అంటడు. చేపలు పడ్తడని సుత నాకు ఎరుకలేదు. వాడకట్టోళ్ళతోని తెల్సుకున్న." అన్నది. "ఇగ నువ్వు పోకు."

"అక్కా, వారంల నాకు అదొక్కటే బయట."

"నాకు అది సుత లేదు," అన్నది అక్క.

అక్క ఫోన్ పెట్టేసింది, కిందికెల్లి సూపర్వైజర్ పిలుస్తుంది, కస్టమర్ వచ్చింది అని. ఆ రోజు ఒకామె కనుబొమ్మ ఒకటి సన్నగ, ఒకటి లావుగ తీసిన. ఆమె మంచిది, పెన్సిల్‌తోని దిద్దుకొని పోయింది.

అక్క ఆ ఇంట్ల ఎట్ల ఉంటదో నేను ఎన్నడు తల్చుకోలే. ఊరంటే బయలు గదా, చెట్లు, గాలి అనుకున్న. గని ఆమె ఏ పొద్దు ఏడికి పోయింది. వాళ్ళత్త వాకిట్ల కూసుంటది, అక్క గేటు దాటితే ఏడికి, ఎందుకు, ఎప్పుడొస్తవ్. బీడీల బుట్ట ఒళ్ళె పెట్టుకొని పొద్దంత గోడకు కూసునుడు. నాకన్న శుక్రారం ఉన్నది.

బావకు ఫోన్ చేసి చెప్పిన. ఆయన బెదిరిండు, అయ్యో అన్నడు, తర్వాత తేలిగ్గ, దానికేంది, ఇగ ఫోటో పెట్టను, పెట్టినా మీ అక్కకు కనపడకుంట పెడ్త, అట్ల చేయొచ్చు ఫోన్ల అన్నడు. నిజం చెప్పాల్నంటే నాకు ఒక నిమిషం ఆశ అయింది. సీటు నాది, చేప నేను పట్టిన, ఎవలకు తెల్వకుంట పోయొస్తే ఏమైతది. మళ్ళ అక్క గొంతు చెవుల మోగింది. ఆ వారమంత దారం నోట్లె పెట్టుకొని దీని గురించే ఆలోచించిన. ఎటు చూసినా గోడనే.

శుక్రారం పొద్దుగాల సూపర్వైజర్ పిలిచింది, మీ మనిషి వచ్చిండు అని. నేను చెప్పులు లేకుంట కిందికి దిగిన. బావ తలుపు కాడ నిలబడ్డడు, గల్లీల భాయ్ కారు ఆన్‌ల ఉన్నది. నీ గాలమేది అన్నడు బావ.

"ముందు అక్కకు ఫోన్ చెయ్. నా ముంగట గాదు, గంత దూరం పోయి చెయ్. ఏడేడికి పోతవో, ఎవలతోని పోతవో, ఏం చేస్తవో అన్ని చెప్పు. అక్క పొమ్మంటే వస్త."

"గిప్పుడా? పోటు నీళ్ళు దిగిపోతయి మరదలా."

"దిగనియ్."

బావ భాయ్ దిక్కు చూసిండు. భాయ్ కారు బంద్ చేసిండు. బావ లాండ్రీ దుకాణం దాక పోయి ఫోన్ చెవుల పెట్టుకున్నడు. పోవుడు, వచ్చుడు, మళ్ళ పోవుడు. ఒకపారి చెయ్యి ఊపుకుంట ఏందో గట్టిగ చెప్తుండు, ఒకపారి తల దించుకొని ఇంటనే ఉన్నడు. నేను గడప లోపల మెట్టు మీద కూసున్న. గడప దాటితే పేరు రాసుకోవాలె, రాసుకుంటే పోయినట్టు. భాయ్ చిక్కటి కరక్ చాయ్ తెచ్చి గడప మీదికెల్లి అందిచ్చిండు. చేపలు ఇగ నాష్తా చేసి పండుకుంటయ్ అన్నడు. ఎండ గల్లీల సగం దాక వచ్చింది. భాయ్ రెండో చాయ్ తాగిండు. బావ ఇంకా మాట్లాడ్తనే ఉన్నడు.

వచ్చేసరికి ఆయన మొఖం కడిగినట్టున్నది. మెట్టు కాడ నిలబడి, నన్ను చూడకుంట చెప్పిండు.

"విజిట్ వీసా తీయమంటుంది. నేను నవ్వే సముద్రం ఆమె చూడాల్నట."

"మంచిదే గదా. మరి అప్పటిదాక?"

"అప్పటిదాక నువ్వు పోవద్దట." అన్నడు. "నేను సుత పోవద్దట. శుక్రారం పొద్దంత ఆమెతోని మాట్లాడాల్నట, నిద్రొస్తుంది అనకుంట." ఇగ నా దిక్కు చూసిండు. "నీ చేప నా శుక్రారం గూడ మింగింది గదనే."

భాయ్‌కి నవ్వు ఆగలే. నాకు సుత రాబోయింది గని ఆపుకున్న. ఆ రోజు ఎవలం సముద్రం పోలే. భాయ్ మాత్రం పోయేటప్పుడు అద్దం దించి, సీటు ఎవలకు ఇయ్య, ఆ క్యాంపాయన వచ్చినా ఇయ్య, మీ అక్క వచ్చినంక ఇద్దరు ఆడోళ్ళు ఎనుక కూసోండ్రి, ఐస్ డబ్బా మీ బావ ఒళ్ళె పెడ్త అన్నడు.

బావ కంపెనీల వీసా కోసం కాయితం అడిగిండు. డ్రైవర్లకు ఇస్తరో ఇయ్యరో ఇంకా చెప్తలేరు. ఇయ్యాల రేపు అంటున్నరు. అక్క ఊర్లె పాస్‌పోర్ట్‌కు పెట్టుకున్నది, దానికోసం జగిత్యాల పోయొచ్చింది, ఒక్కతే బస్సెక్కి. వాళ్ళత్త ఏడికి అని అడిగితే దుబాయ్‌కి అని చెప్పిందట. అక్క నోట్లెకెల్లి గసుంటి మాట వస్తదని నేను అనుకోలే.

ఇప్పుడు శుక్రారం పొద్దుగాల నాకు పోయేతందుకు జాగ లేదు. అందరు పండుకొని ఉంటరు. ఏసీ సప్పుడు. నేను చాయ్ పెట్టుకొని మీది మంచం ఎక్కి కూసొని అక్కకు ఫోన్ చేస్త. వేరే కాల్‌ల ఉన్నరు అని వస్తది, బావతోని. చాయ్ తాగి మళ్ళ చేస్త. అప్పుడు సుత గదే వస్తది.